కోచ్ గీసిన ఎత్తు

"ఫైనల్ గెలిచింది మీ గొప్పా, ఆటగాళ్ల గొప్పా?" అడిగాడు విలేకరి.

"మట్టిబొమ్మలనిచ్చినా గెలిపిస్తానండీ!" బాస్కెట్‌బాల్ కోచ్ మీసం మెలేశాడు.

"ఆఖరి బాస్కెట్ సార్ బోర్డు మీద గీసినట్టే వేశామండీ," అన్నాడు కెప్టెన్.

ఆ బోర్డు తెచ్చి చూపిద్దామని కోచ్ హుషారుగా లోపలికెళ్లాడు. అందరూ నిచ్చెన అని పిలిచే పొడుగాటి ఆటగాడు తువ్వాలుతో దాన్ని తుడిచేస్తున్నాడు.

"ఎందుకురా తుడుస్తున్నావ్?"

"బంతి నాకివ్వమని గీశారు సార్. ఐదో ఫౌల్‌తో నేనప్పటికే ఆటలోంచి బయటికొచ్చి మీ పక్కనే కూర్చున్నాను. అందరూ మీకు తలూపి, వాళ్ల ఆట వాళ్లు ఆడేశారు."

కోచ్‌కు తల కొట్టేసినట్టయింది. "అప్పుడే చెప్పొచ్చుగా?"

"ఎప్పుడైనా విన్నారా సార్?"

కోచ్ బయటికొచ్చి, ఖాళీ బోర్డును మైకు ముందు పైకెత్తాడు.

"నా గొప్ప ఇంతేనండీ."