నవారు పట్టీ

గేటు దగ్గర మనిషి చెప్పిన మాట అలివేలుమంగకు "ఇరుమల్" అని వినబడింది.

ఇరుమల్ అంటే అరవంలో దగ్గు. కుక్క దగ్గు చూసే మనిషి కోసమే ఆమె పొద్దుటి నుంచీ ప్రాణాలుగ్గబట్టుకుని ఉంది.

"రా నాయనా! పశువులాస్పత్రి కాంపౌండరువే గదా? కుక్క ఈడుంది."

అతను నోరు తెరిచేలోపే లోపలికి లాక్కుపోయింది.

వసారాలో గొలుసుతో కట్టేసిన చిన్న తెల్లకుక్క అతన్ని చూసి ఒక్క ఎగురు ఎగిరింది. గొలుసు బిగిసింది. వెంటనే దగ్గు. మోటారుకారు రబ్బరు హారను నొక్కినట్టు, ఆగకుండా.

"విన్నావా సంగీతం?" అన్నాడు ఆమె భర్త కోదండరాం. జవుళి కొట్టు మద్రాసు పురసవాక్కంలో ఒక మూలే గానీ, గొంతు పురసవాక్కమంతా ఆయనదే. "గాలివాన రోజు రాయపురం గోడౌను కాడ దొరికింది. అప్పట్నుంచీ ఇదే కచేరీ. రేపు కూతురు పురిటికొస్తా ఉంది. దగ్గు తగ్గాల, లేదంటే ఇంట్లో కుక్క తగ్గాల!"

వీధిలో ఊరవతల ఎన్నూరు పోయే సరుకు ఎద్దులబండి కాచుకుని ఉంది. కుక్కను అక్కడ వదిలేసి రమ్మని బండివాడికి ముందే చెప్పేశాడు.

"ఇది పోతే ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళుండరు," అంది అలివేలుమంగ.

"నేను లేనటే?"

"మీరు వినరు. వినిపిస్తారు."

వచ్చిన మనిషి నేలమీద కూర్చున్నాడు. కుక్క ఒళ్ళోకెక్కి గడ్డం నాకింది. కొత్తవాళ్ళను చూస్తే కరిచే కుక్క! హస్తవాసి గొప్పదే, అనుకుందామె.

అతను వేలితో దాని గొంతు మెల్లగా నిమిరాడు. మళ్ళీ హారను మోగింది.

"ఒక్క మాట చెప్పు," కోదండరాం ముందుకు వంగాడు. "అంటురోగమా, కాదా? అంటుదైతే బండి కూడా ఎందుకు, నువ్వే ఎత్తుకుపో!"



బయట ఎద్దుల మెడగంటలు కదిలాయి. అలివేలుమంగ కొంగు నోట్లో కుక్కుకుంది.

అతను కుక్కను చూశాడు. ఆమెను చూశాడు.

"అంటుది కాదు సామీ," అన్నాడు చివరికి. "దీని ఊపిరిగొట్టం పుట్టుకతోనే మెత్తన. గొలుసు లాగితే నలిగిపోద్ది. మెడకు కట్టొద్దు. సాంబ్రాణి పొగ పడదు. నెయ్యన్నం మానిపించండి, ఒళ్ళు తగ్గాల."

సంచిలోంచి నవారుతో కుట్టిన పట్టీ తీసి దాని ఛాతీ చుట్టూ బిగించాడు. కొలత తీసినట్టు సరిపోయింది. గొలుసు మెడ నుంచి తీసి ఆ పట్టీకి తగిలించాడు. కుక్క గెంతింది. దగ్గు రాలేదు.

ఎన్నూరు బండి కుక్క లేకుండానే కదిలింది.

అతను వెళుతుంటే కుక్క గొలుసు ఊడపీక్కుని, ఈడ్చుకుంటూ గేటుదాకా ఉరికింది. అతను బయటికి పోయి, తనే గడియ పెట్టి, వెనక్కి చూడకుండా నడిచాడు.

కాసేపటికి ఇంకో మనిషి వచ్చాడు.

"నమస్కారమమ్మా. వరదయ్యను, పశువులాస్పత్రి కాంపౌండరును. ఆలస్యమైంది."

కోదండరాం గేటు వైపూ కుక్క వైపూ మార్చి మార్చి చూశాడు.

"మరి ఇందాక వచ్చిన ఇరుమలాయన?" అంది అలివేలుమంగ.

"ఇరుమల్ కాదమ్మా, ఏళుమలై! అది ఆయన పేరు," అంది అప్పుడే బజారు నుంచి వచ్చిన పనిమనిషి వల్లి. "రాయపురం పడవలాయన. నేను బజారుకు పోతా ఉంటే ఎదురై అడిగినాడు, గాలివానలో తప్పిపోయిన తెల్లకుక్కను చూసినావా అని. నేనే మన ఇల్లు చూపించినా."

వరదయ్య వంగి పట్టీని లోపలివైపుకు తిప్పాడు. కుట్ల నిండా పాత తెల్లవెంట్రుకలు.

అది వైద్యానికి తెచ్చిన పట్టీ కాదు. తన కుక్కను ఇంటికి నడిపించుకుపోదామని తెచ్చుకున్నది.