తేనెపెట్టెల కింద మాంసం

"తేనెపెట్టెల కింద పంది మాంసం దాచానని రాశావుగా, ముసలమ్మా!"

అమెరికా అంతర్యుద్ధంలో తమ ఉత్తరాది పటాలం కొల్లగొట్టిన టపా సంచీలో దొరికిన జాబును ఎనాక్ ఆమె మొహం ముందు ఆడించాడు. తేనెటీగలు కుట్టి అతని మూతి బూరెలా ఉబ్బిపోయింది. పెరట్లో మిగతా సిపాయిలు ఇంకా చేతులు విసురుకుంటూ గెంతుతున్నారు.

టాబితాకు నవ్వాగలేదు. "అది నా కొడుక్కి రాసుకున్న జాబు నాయనా. నిన్నెవరు చదవమన్నారు? టపా మీ చేతిలో పడుతుందని ఈ వర్జీనియాలో పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకే ఆ ఒక్క ముక్కా మీ కోసం రాశా."

"మరి అసలు మాంసమెక్కడ?"

"ఇంకెక్కడి మాంసం! పోయిన నెలే మా దక్షిణాది పటాలం వాళ్ళు ఊడ్చుకుపోయారు. ఏడవకు, ఇలా కూర్చో."

ఆమె తడిమట్టి తీసి అతని మూతికి పట్టించింది. చల్లగా తగిలేసరికి ఎనాక్‌కీ నవ్వొచ్చింది.

"గట్టి పిండానివే! మరి ఆ కిందే ‘రెండు పూటలా కడుపునిండా తింటున్నా, నా గురించి బెంగపడకు’ అని రాశావు. అదీ మా కోసమేనా?"

"కాదు, అది వాడి కోసం," అంది టాబితా బోసినోటితో నవ్వుతూ. "అదీ అబద్ధమే."

ఎనాక్ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. అందులో ఒహాయో నుంచి వాళ్ళమ్మ రాసిన జాబుంది. రెండు పూటలా కడుపునిండా తింటున్నానని రాసింది. ఆ మాట చదువుకునే నిన్న హాయిగా నిద్రపోయాడు.