అరవై ఐదు కిలోలు

“ఎక్కి కూర్చోండమ్మా, స్ప్రింగు ఎంత దిగుతుందో చూడాలి” అన్నాడు మెకానిక్, స్కేలు పట్టుకుని.

భార్య నడుంనొప్పి గతుకుల వల్లేనని తేల్చేసి, తన చిన్న స్కూటరుకి వెనక కొత్త షాకబ్జార్బర్లు వేయించాడు భర్త. ఆమె బరువు అరవై ఐదు కిలోలని చెప్పిందీ అతనే.

ఆమె ఎక్కింది. స్ప్రింగు అర అంగుళం కూడా దిగలేదు.

“కాళ్ళు నేలకి ఆనించకండమ్మా.”

“పైనే ఉన్నాయి బాబూ.”

“గాల్లో కూర్చున్నావా ఏంటి? బరువంతా వెయ్యి” విసుక్కున్నాడు భర్త.

“వేశానండీ.”

మెకానిక్ స్కేలు దించాడు. “అరవై ఐదు ఎప్పటి లెక్క సార్?”

భర్త తలెత్తి చూశాడు. ఆమె వదులు రవికెకు రెండు పక్కలా వరసగా పిన్నీసులు.

“నాకు చెప్పలేదేమే?”

“రోజూ మీ వెనకే కూర్చుంటున్నాగా. బండి తేలికైనట్టు అనిపించలేదా?”