అరవై కిలోల ఇసుక

"నన్ను ఎక్కించుకోరా! రెండేళ్లు ఇంజనీర్లతో కొట్లాడి ఆ కింది రెక్క మొదలు కోయించింది నేను. అక్కణ్ణుంచి నేల కనబడుతుందో లేదో నేను చూడొద్దూ?"

లెఫ్టినెంట్ నిరసావా తెల్లవారినప్పటి నుంచీ ఇదే గోల పెడుతున్నాడు. వెనక సీట్లో కూర్చుని శత్రువు కదలికలు కనిపెట్టడం అతని ఉద్యోగం. విమానానికి పైనొకటి, కిందొకటి రెక్కలు; పాతవాటిలోంచి కిందికి చూస్తే ఆ కింది రెక్క తప్ప ఇంకేమీ కనబడేది కాదు.

పైలట్ ఇసొగాయి నవ్వాడు. ఇద్దరూ సైనిక పాఠశాల నాటి స్నేహితులు.

"కొత్త విమానం మొదటిసారి ఎగిరేటప్పుడు వెనక మనిషి ఉండకూడదు, ఇసుకే ఉండాలి. నీకు తెలీని రూలా? సరిగ్గా నీ బరువు, అరవై కిలోలు తూయించాను. నీకంటే అదే నయం. నోరెత్తదు."

"రేపు పొద్దున నేను కొరియా వెళ్లిపోతున్నానురా! బదిలీ ఇవాళే వచ్చి చావాలా?"

"ఎలా ఉందో ఉత్తరం రాస్తాలే."

నిరసావా విసవిసా వెళ్లిపోయాడు. మైదానం చివరి గుడిలో పూజారి కొత్త విమానం కోసం మంత్రాలు చదువుతుంటే అందరూ వెళ్లి తలలు వంచి నిలబడ్డారు. అతను అక్కడికీ రాలేదు. అలిగాడు వెధవ, అనుకున్నాడు ఇసొగాయి.

విమానం బాగానే లేచింది. కిసో నది దాటాక పై రెక్క ఫెళ్లుమంది. ఒడ్డున చదును నేల ఉంది. తెగిస్తే దించొచ్చు. వెనక మనిషుంటే పైలట్ ముందు దూకడం ఎక్కడా లేదు. కానీ ఇసుక కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే పిచ్చివాడెవడు? ఇసొగాయి బెల్టు విప్పుకున్నాడు. వెనకనుంచి ఏదో భుజాన్ని తట్టింది. సంచుల మీద కప్పిన గుడ్డ ఊడిందనుకుని, తిరిగి చూడకుండా పారాచూట్‌తో దూకేశాడు.

విమానం కొండకి కొట్టుకుని కాలి బూడిదైంది.

సాయంత్రం మెస్సులో అందరూ అతన్ని మెచ్చుకునేవాళ్లే.

"వెనక నిరసావా ఉండుంటే దూకేవాణ్ణి కాదు. దిగితే ఇద్దరం దిగేవాళ్లం, పోతే ఇద్దరం పోయేవాళ్లం" అన్నాడు ఇసొగాయి. అది గొప్పలకి అన్న మాట కాదు.

సాకే సారా సీసా పట్టుకుని స్నేహితుణ్ణి వెతకబోయాడు. గదిలో పెట్టె సర్ది ఉంది, మనిషి లేడు. విమానాల షెడ్డు తలుపు తోశాడు.

"అలక చాలించి బయటికి రారా! నీ మాట విని ఎక్కించుకునుంటే ఈపాటికి ఏమయ్యేవాడివి?"

లోపలికి నడిచాడు.

పొద్దున తాను తూయించిన మూడు ఇసుక సంచులూ, కట్టిన మూతులు కట్టినట్టే, పనిబల్ల వెనక పడి ఉన్నాయి.