ఈనని గుర్రం

"ఇంకా ఈనలేదా అవ్వా?" వాకిట్లో అడుగు పెడుతూనే అడిగాడు గిర్దావరు చప్రాసి రాజన్న.

"లేదు బిడ్డా. ఇయ్యాలనో రేపో," అంది భూదవ్వ.

ఆమె ఈ మాట అనడం అది ఇరవయ్యో రోజు.

గుర్రం ఆమెది కాదు, ఎల్లారెడ్డిలో ఉండి ఊళ్ల శిస్తు లెక్కలు చూసే గిర్దావరుది. నిరుడు ఆయన దాన్ని కామారెడ్డికి తోలించి, రైల్లో దిగిన ఒక నవాబుగారి అరబ్బీ పోతుగుర్రంతో పిల్ల కోసం దాటించాడు. తర్వాత తెచ్చి భూదవ్వ కొట్టంలో కట్టేయించాడు. ఈనేదాకా మేపే వెట్టి ఆమె కొడుకు హన్మంతుది.

"పిల్లను తాలూక్‌దారు సాబుకు నజరానా ఇస్త. జర తేడా వచ్చిందో, నీ కొడుకు తోలు ఒలిపిస్త," అని మరీ చెప్పి వెళ్లాడు.

భూదవ్వకు ఉన్నది ఒక్కడే కొడుకు. మామూలుగానే ఆమెకు భయం ఎక్కువ. వాడు తుమ్మితే కలరా అనుకుంటుంది. పొలం నుంచి గడియ ఆలస్యమైతే పాము కరిచిందని ఏడుపు మొదలుపెడుతుంది. ఇక ఇప్పుడు పోచమ్మకు రోజూ ఒకటే మొక్కు: "తల్లీ, నా కొడుకు వీపు కాపాడు."

రాజన్న కొట్టంలోకి వచ్చాడు. గుర్రం మీద రెండు గొంగళ్లు కప్పి ఉన్నాయి. అతను ఒకదాని కొస ఎత్తబోయాడు.

"ముట్టకు బిడ్డా! ఈనే ముంగట మొగోని చెయ్యి తగిలితే పిల్ల అడ్డం తిరుగుతది."

"గట్లనా? మరి నీ కొడుకు మేపుతలేడా?"

"వాన్ని సుత రానిస్తలేను. అన్నిటికీ నేనే సస్తున్న."

రాజన్న భార్యకూ అప్పుడు నెలలు నిండాయి. అతను గబుక్కున రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

అంతలో ఊరి బట్టలు ఉతికే ముత్తయ్య, గాడిద మీద పచ్చగడ్డి మోపు వేసుకుని వచ్చాడు. అడగకుండానే రోజూ తెస్తున్నాడు. గుర్రం గురించి భూదవ్వ తర్వాత అంత బెంగ పెట్టుకున్నది అతనే. గాడిద గుర్రాన్ని చూసి ఓండ్ర పెట్టింది. ముత్తయ్య దాని మూతి మీద ఒక్కటిచ్చాడు.

మూడో రోజు గిర్దావరే వచ్చాడు. గుర్రం లేక ఎడ్లబండిలో వచ్చాడేమో, నడుము పట్టేసి, మనిషి వంకరగా దిగాడు. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"పన్నెండు నెలలు దాటింది! ఏందే ఇది?"

భూదవ్వ గొంగడి కొస కిందికి గుంజింది. హన్మంతు తల వంచుకుని నిలబడ్డాడు. ముత్తయ్య గోడకు అతుక్కుపోయాడు.

"అయ్యా, మా అసొంటోళ్లం తొమ్మిది నెలలకే కంటం," అంది భూదవ్వ. "నవాబుగారి ఇంటి పిల్ల నాయె. నిమ్మళంగనే వస్తది గద."

గిర్దావరు మీసం మీద చెయ్యి వేశాడు. "సహీ బాత్! ఏనుగు సుత రెండేండ్లు మోస్తది."

"అవునయ్యా. అవునయ్యా. అవును," అన్నాడు ముత్తయ్య.

అప్పుడే ఇంటి లోపల ధన్‌మని చప్పుడైంది. వెంటనే ఇంకొకటి. గుర్రం చెవులు నిక్కించి అటు చూసింది.

"ఎవలు లోపల?"

"మా అత్త, అయ్యా. కోపమొస్తే తలుపు తంతది."

"ఏండ్లెన్ని?"

"ఎనభై ఉంటయి."

మళ్లీ ధన్‌మంది. తలుపు పైనుంచి మట్టి రాలింది.

"గట్టి మనిషే," అన్నాడు గిర్దావరు మెచ్చుకోలుగా. "ఏం పెడుతవు ఆమెకు?"

"మేం తిన్నదే, అయ్యా."

గిర్దావరు జేబులోంచి బెల్లం గడ్డ తీసి గుర్రం నోటికి అందించాడు. గొంగడి జోలికి పోలేదు. రాజన్న అప్పటికే ఆయన చెవిలో అడ్డం తిరిగే సంగతి ఊదాడు.

"జల్దీ చెయ్యకుండ్రి. తాలూక్‌దారు సాబుకు నేను చెప్త. అస్లీ అరబ్బీ అంటే గిట్లనే ఉంటదని."

బండి నాగిరెడ్డిపేట దారి పట్టింది. చక్రాల చప్పుడు వినిపించనంత దూరం పోయేదాకా ఎవ్వరూ కదల్లేదు.

భూదవ్వ వాకిలి గడియ పెట్టి, గొంగళ్ల కింద కట్టిన గడ్డిమూట విప్పి, అత్త చచ్చిపోయినప్పటి నుంచి ఆరేళ్లుగా ఖాళీగా ఉన్న గది తలుపు తీయగానే, పదకొండు రోజుల పిల్ల, అచ్చం ముత్తయ్య గాడిదకున్నంత పొడుగు చెవులు ఆడించుకుంటూ, తల్లి పాల కోసం కొట్టంలోకి ఉరికింది.