ఎనిమిది నిమిషాల కాపురం

హైటెక్‌సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో ఉమాశ్రీ దిగే బండి ఎనిమిదీ ముప్పై రెండుకి. ఆదర్శ్ ఎక్కే బండి ఎనిమిదీ నలభైకి. మధ్యలో ఎనిమిది నిమిషాలు. అదీ బండి టైముకొస్తే. ఇవాళ ఐదు నిమిషాలు లేటు.

రోజూ ఆ బండికి వచ్చేవాళ్లు దీనికి ఎనిమిది నిమిషాల కాపురమని పేరు పెట్టారు. జనానికి ఏం పని!

ఆదర్శ్ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద నిలబడ్డాడు. రాత్రంతా పనిచేసిన కళ్లు మండుతున్నాయి. ఆమెది పగటి డ్యూటీ, అతనిది రాత్రి డ్యూటీ. మదీనాగూడలో కిష్టమ్మ గారి మేడ మీద రెండు గదులు. ఆ గదుల్లో ఎప్పుడూ ఒకరే ఉంటారు. శుక్రవారం సాయంత్రమైతే ఉమాశ్రీ విజయవాడ బస్సెక్కేస్తుంది. "వారం వారం పుట్టింటికేంది బిడ్డా" అని కిష్టమ్మ గారి సణుగుడు.

ఉమాశ్రీ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. తాళంచెవి అతని చేతిలో పెట్టింది. రెండోది చేయిద్దామని ఆమె ఎప్పుడో అంది. అతనే వాయిదా వేస్తున్నాడు.

"పప్పు కుక్కర్లోనే ఉంది. పది దాటితే నీళ్లు రావు, ముందు స్నానం చేసేయండి. ఇంకో మాట. కిష్టమ్మ గారు పొద్దున్నే పట్టుకున్నారు. 'మీ పెండ్లి దినం ఎప్పుడు బిడ్డా, ఆ దినం గాజులు తొడిగిస్త' అన్నారు. ఫిబ్రవరి పందొమ్మిది అని చెప్పాను. మర్చిపోకండి."

"అలాగే" అన్నాడు. పెళ్లిరోజు మగవాళ్లకి గుర్తుచేయక తప్పదు మరి.

టైము చూసుకున్నాడు. మూడు నిమిషాలు కూడా లేవు.

"నన్ను డే షిఫ్ట్‌కి మార్చారు. సోమవారం నుంచి."

ఎవరైనా సంతోషించే కబురు. ఆమె ముఖం పాలిపోయింది.

"కుదరదని చెప్పలేకపోయారా?"

"చెప్పాను. ఇష్టం లేకపోతే రిజైన్ చేయమన్నారు."

"అంటే రాత్రిళ్లు ఇంట్లోనే ఉంటారన్నమాట."

"ఉంటాను."

"అయితే నేనుండను. ఈ శుక్రవారమే వెళ్లిపోతాను."

అతనికి ఒళ్లు మండింది. పదకొండు నెలలు ఆమె చేతి వంట తిన్నాడు. ఆమెకి జ్వరమొస్తే మందులు తెచ్చి పొయ్యి గట్టు మీద, కంటికి కనపడేలా పెట్టి డ్యూటీకెళ్లాడు. ఇంత తేలిగ్గా వెళ్లిపోతానంటుందా?

"నేనే వెళ్తాను. ఇల్లు వదులుకోవద్దు."

"ఒక్కదాన్నే ఉంటే కిష్టమ్మ గారు ఉండనిస్తారా?"

కింద షేర్ ఆటోవాడు గొంతు చించుకుంటున్నాడు. "మైండ్‌స్పేస్, మైండ్‌స్పేస్! ఇంకొక్కరే! జర లోపలికి జరుగున్రి!"

దూరంగా అతని బండి కూత వేసింది.

"ఇంకో దారి ఉంది" అన్నాడు. నెలల తరబడి మనసులో పెట్టుకున్న మాట. "మనం... నిజంగానే కలిసి ఉండొచ్చు కదా."

ఆమె అతని కళ్లలోకి చూసింది. ఏదో వినాలని చూసినట్టే ఉంది.

"ఇల్లు పోతుందనా?" అంది.

కాదు అనాలి. ఆ ఒక్క ముక్క చాలు. తెల్లవార్లూ సముద్రాల అవతలి వాళ్లకి ఇంగ్లీషులో గలగలా జవాబులు చెప్పే మనిషి, తెలుగులో రెండక్షరాలు అనలేక నీళ్లు నమిలాడు.

ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"మీ బండి వచ్చింది. వెళ్లండి."

గబగబా మెట్లు దిగి ఆటోలో ఇరుక్కుని కూర్చుంది. ఇటు తిరిగి చూడలేదు. కింద ప్లాట్‌ఫాం మీద బండి ఆగింది, కదిలింది. ఆదర్శ్ ఎక్కలేదు.

బ్యాచిలర్లకి ఇల్లివ్వనన్న కిష్టమ్మ గారికి మొగుడూ పెళ్లాలమని చెప్పి ఆ రెండు గదులూ అద్దెకు తీసుకున్నారే గానీ, వాళ్లిద్దరికీ అసలు పెళ్లే కాలేదు.