గోళ్లు లేని రాక్షసబల్లి

"గోళ్లెందుకు చెరిపేస్తున్నావురా? మా అత్తగారి బాతులా తయారైంది," అన్నాడు డ్వేన్, లోవెల్ బొమ్మ గీస్తున్న కాగితం మీదికి వంగి.

"గోళ్లుంటే రక్తం కారుతుంది. ఆర్లిస్ ముందు అది వద్దు," అన్నాడు లోవెల్. "తోకతో ఒకటే దెబ్బ. గారిక్ నొప్పి తెలియకుండా పోవాలి."

అమెరికాలోని దులూత్‌లో, లోవెల్ వంటింటి బల్ల దగ్గర, ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ ఆట ఇరవై ఆరేళ్లుగా సాగుతోంది. కథ నడిపేది లోవెల్. గుహలూ మృగాలూ అతను కల్పించినవే. మిగిలినవాళ్లు తలా ఒక వీరుణ్ణి ఆడిస్తారు. బతుకూ చావూ పాచికలు తేలుస్తాయి.

ఆర్లిస్ భర్త ఓరిన్, బలాలూ ఆయుధాలూ ఒక కాగితం మీద రాసుకుని ఆడించిన వీరుడు గారిక్. ఓరిన్ పోయి పద్నాలుగు నెలలైంది. గారిక్ మాత్రం పోలేదు. అంత్యక్రియలైన వారానికి ఆర్లిస్ భర్త పాచికల సంచీతో వచ్చి అతని కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత మంచు తుఫానులో కూడా మానలేదు. పాచికను గుప్పిట్లో బిగించి, కళ్లు మూసుకుని వేస్తుంది. వెళ్లేముందు ప్రతిసారీ అడుగుతుంది, "గారిక్ ఇంకా బతికే ఉన్నాడా?" అని. ఉన్నాడంటే, తల దించుకుని కోటు తొడుక్కుంటుంది.

"ఆ కాగితం మనిషి పోతేగానీ ఆవిడకి ఓరిన్ పోయినట్టు కాదు," అన్నాడు డ్వేన్.

"పోయాక ఆవిడ కుప్పకూలిపోతే?"

"మనం లేమూ?"

గారిక్ మంత్రపు డాలు పళ్లనీ గోళ్లనీ ఆపుతుంది. తోకను ఆపదు. లోవెల్ తోకను మరో రెండంగుళాలు పెంచాడు.

ఆ శనివారం కొంగమెడ, ఎముకల తల ఉన్న ఆ మృగం గుహలోంచి బయటికొచ్చింది.

"ఇప్పుడు నేనేం చేయాలి?" అంది ఆర్లిస్.

"పారిపోవచ్చు," అన్నాడు లోవెల్, ఉండబట్టలేక.

"గారిక్ పారిపోడు. ఎదురెళ్తాను."

లోవెల్ ఎవరికీ కనబడకుండా నిలబెట్టుకున్న అట్ట చాటున ఇరవై ముఖాల పాచిక వేశాడు. తోక తగలాలంటే పదిహేను దాటాలి. నాలుగు పడింది. ఇన్నేళ్లలో అతను పాచిక విషయంలో అబద్ధమాడి ఎరగడు.

"పంతొమ్మిది," అన్నాడు.

డ్వేన్ టోపీ తీసేశాడు.

"అంటే?" అంది ఆర్లిస్.

"తోక తగిలింది. గారిక్ ఇక లేడు, ఆర్లిస్."

ఆమె గారిక్ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "ఖాయమేనా? మంత్రంతో మళ్లీ లేపడాలూ అవీ ఏమీ లేవు కదా?"

"లేవు," అన్నాడు లోవెల్.

ఆమె కళ్లు తడిశాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుంది. డ్వేన్ కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఆమె లేచి అతని వీపు నిమిరింది.

"వచ్చే వారానికి నీకు కొత్త వీరుణ్ణి తయారుచేస్తాను," అన్నాడు లోవెల్ గబగబా. "నువ్వు రావడం మాత్రం మానకు."

"వద్దు లోవెల్." ఆమె కోటు తొడుక్కుని ఇద్దరి మొహాల్లోకీ పరీక్షగా చూసింది. "ఇక మీకు ఫరవాలేదు కదా?"

"మాకా?" అన్నాడు డ్వేన్.

"మీరిద్దరూ తట్టుకోలేరనే ఇన్నాళ్లూ ఈ ఆట భరించాను."